షాక్ అబ్జార్బర్ బోల్టు తుప్పు పట్టి విరిగితే: ఒక పాత బండి కథ

పోయిన ఎపిసోడ్‌లో షాక్ అబ్జార్బర్ పోయిందో లేదో ఎలా కనిపెట్టాలో చెప్పుకున్నాం. ఆయిలు కారడం, గుంతలో పడ్డాక బండి ఊగుతూనే ఉండడం, టైరు మచ్చలు మచ్చలుగా అరిగిపోవడం, అవన్నీ చూశాం. ఆ తర్వాత చాలామంది ఫోన్ చేసి ఒకటే అడిగారు. "పోయిందని తెలిసిందండీ, ఊడదీద్దామంటే బోల్టు రావట్లేదు" అని. కొంతమంది "బోల్టు విరిగిపోయింది, ఇప్పుడేం చేయాలి" అన్నారు. ఈరోజు ఆ సంగతే మాట్లాడుకుందాం. కొత్త షాక్ అబ్జార్బర్ బిగించడం అరగంట పని. పాతదాని బోల్టు తీయడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ ఇవ్వకుండా అరగంటలో తీద్దామని కూర్చుంటే నాలుగు రోజులవుతుంది.

మా బావమరిది బండి సంగతితో మొదలుపెడతాను. వాడిది భీమిలి. టాటా ఏస్ ఉంది, పదిహేనేళ్ళ పైబడిన బండి. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి, భీమిలి రేవు నుంచి చేపలు, ఐసు తోలతాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రెండు నెలలూ మామిడికాయల లోడు వేస్తాడు. మొన్న జూన్ రెండో వారంలో కొత్తవలస నుంచి కాయలు వేసుకొని వస్తుంటే, పెందుర్తి దాటాక వెనకనుంచి టక్కు టక్కుమని చప్పుడు. కమాను పట్టీ విరిగిందేమో అనుకున్నాడట. నెమ్మదిగా తోలుకొని నా దగ్గరికి వచ్చాడు. కింద దూరి చూస్తే కమాన్లు బాగానే ఉన్నాయి. ఎడమ వెనక షాక్ అబ్జార్బర్ పై బోల్టు విరిగిపోయి, అది కింది బోల్టు మీద ఊచలాగా వేలాడుతోంది. ఒక పక్క టైరు, ఇంకో పక్క బ్రేకు హోసు పైపు. హోసు పైపుకి అప్పటికే గీతలు పడ్డాయి. ఇంకో ఇరవై కిలోమీటర్లు తోలి ఉంటే ఆ పైపు తెగేది. లోడుతో ఉన్న బండికి బ్రేకు ఆయిలు పోతే ఏమవుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు.

అందుకని ముందు ఒక మాట. షాక్ అబ్జార్బర్ ఒక వైపు ఊడి వేలాడుతోందని తెలిస్తే బండి అలాగే తోలకండి. ఏం దొరక్కపోతే గట్టి ఇనుప తీగతో దాన్ని పైకి, టైరుకి, పైపులకి తగలకుండా కట్టేసి, ఖాళీ బండిని నెమ్మదిగా షెడ్డుకి తీసుకెళ్ళండి. షాక్ లేకుండా బండి కదులుతుంది, కమాన్లు బరువు మోస్తాయి. కానీ మలుపులో, గతుకులో వెనక భాగం ఎగిరి పక్కకి జరుగుతుంది. మా వాడు "వెనకాల ఎవరో లాగుతున్నట్టుంది బావా" అన్నది అదే.

ఇప్పుడు విరిగిన ముక్క చూడండి. కొంచెం దగ్గరగా చూపించు బాబూ. ఈ బోల్టు తల మీద ఏమైనా అంకెలు కనిపిస్తున్నాయా? ఏం లేవు. నున్నగా ఉంది. మర చూడండి, తల కిందనుంచి చివరిదాకా మొత్తం మరే. అంటే ఇది గేట్లకి, రేకుల షెడ్లకి వాడే మామూలు బోల్టు. తెగిన చోట చూస్తే సగం పైగా నల్లగా, పాత తుప్పుతో ఉంది, అంటే అక్కడ ఎప్పుడో బీట పడింది. మిగిలిన కొంచెం మాత్రం కొత్తగా, బూడిద రంగులో మెరుస్తోంది. అంటే మొన్న పెందుర్తి దగ్గర తెగింది ఆ మిగిలిన కొంచెమే. మిగతాది ఎన్ని నెలల కిందటో తెగిపోయింది.

ఇది ఎవరు పెట్టారురా అని అడిగాను. వాడు నా మొహం చూసి, "నువ్వే కదేటి బావా" అన్నాడు.

నిజమే. మూడేళ్ళ కిందట ఒక రాత్రి పదింటికి వచ్చాడు. తెల్లవారుజామున మూడింటికి హార్బర్లో ఉండాలి. షాపులు మూసేశారు. నా దగ్గర పాత బోల్టుల డబ్బా ఉంది, ప్రతి మెకానిక్ దగ్గరా ఉంటుంది. అందులో సైజుకి సరిపోయినది ఒకటి తీసి, నట్టు విడిగా పట్టుకోవడానికి చెయ్యి వెళ్ళట్లేదని బ్రాకెట్ వెనకాల నట్టుని నాలుగు చుక్కల వెల్డింగుతో అతికించి, బిగించి పంపించాను. "రేపు వచ్చి సరైన బోల్టు వేయించుకో" అన్నాను. వాడు రాలేదు, నేనూ అడగలేదు. బండి నడుస్తోంది కదా అని ఇద్దరం మర్చిపోయాం. ఈ రోజు మీకు చెప్పేవన్నీ ఆ రాత్రి నేను చేయనివి. అది మనసులో పెట్టుకొని వినండి.

సరే, పనిలోకి వద్దాం. ఈ తుప్పు ఎందుకు ఇంత మొండిగా ఉంటుంది? ఇనుము తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య వెంట్రుకవాసి ఖాళీలో తుప్పు ఉబ్బి, నట్టునీ బోల్టునీ సీలు వేసినట్టు పట్టేస్తుంది. దానికి ఉప్పు తోడైతే ఇంకా వేగం. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చేపల పెట్టెల్లోంచి కారే ఐసు నీళ్ళలోనూ ఉప్పు, జిగురు ఉంటాయి, అది ఎండినా తేమని పట్టి ఉంచుతుంది. తీరం దగ్గర ఉన్న బండికి గాలిలోనే ఉప్పు. అదే బండి నల్గొండలోనో అనంతపురంలోనో తిరిగి ఉంటే ఈ బోల్టు ఇంకొన్నేళ్ళు ఉండేదేమో.

మొదటి రోజు పానా ముట్టుకోవద్దు. నేను మొదటి సాయంత్రం చేసింది ఇంతే. బండి ఎత్తి, వైరు బ్రష్షుతో నాలుగు బోల్టుల చుట్టూ, ముఖ్యంగా నట్టు దాటి బయటికి వచ్చిన మర మీద ఉన్న తుప్పు, మట్టి అంతా గీకేశాను. ఇది చాలామంది చేయరు. నట్టు విప్పేటప్పుడు ఆ బయటి మర మీదుగానే రావాలి. అక్కడ తుప్పు గడ్డలుంటే సగం దారిలో మళ్ళీ పట్టేస్తుంది. తర్వాత తుప్పు వదిలించే ఆయిలు కొట్టాను. డబ్బాల్లో దొరికే స్ప్రే ఏదైనా పరవాలేదు. నేనైతే ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు, అసిటోన్ సగం సగం కలిపి వాడతాను. వాడే ముందు బాగా ఊపాలి, రెండూ విడిపోతుంటాయి. అసిటోన్ పెట్రోలు లాగే భగ్గున అంటుకుంటుంది, బీడీ, గ్రైండరు, వెల్డింగు ఏవీ దగ్గర ఉండకూడదు. డీజిలు, కిరోసిను కూడా పనికొస్తాయి, కాకపోతే ఆలస్యం. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి, మళ్ళీ సాయంత్రం ఒకసారి. ప్రతిసారీ బోల్టు తల మీద చిన్న సుత్తితో పది పదిహేను దెబ్బలు, నెమ్మదిగా. ఆ అదురుకి తుప్పులో సన్నటి పగుళ్ళు వచ్చి, ఆయిలు లోపలికి దిగుతుంది.

బండి ఎత్తడం గురించి. ఒక్క జాకీ మీద నిలబెట్టి కింద దూరకండి. సమతలం నేల మీద, ముందు చక్రాలకి రెండు వైపులా చెక్కలు అడ్డంపెట్టి, జాకీతో ఎత్తాక స్టాండ్ల మీద దింపాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు వద్దు, అవి పగిలేటప్పుడు చెప్పి పగలవు. పట్టేసిన బోల్టు మీద బలం వేస్తున్నప్పుడు మొత్తం బండినే పక్కకి లాగుతున్నాం కదా. మామూలు పని కంటే ఈ పనిలోనే బండి జారే ప్రమాదం ఎక్కువ.

రెండో రోజు ముందు కుడి వైపు పట్టుకున్నాను. అది విరగలేదు కాబట్టి దాని మీద జాగ్రత్తగా పోవచ్చు. ఆరు పలకల సాకెట్ గానీ రింగు పానా గానీ వాడండి. రెండు మూతుల పానా పెడితే తల గుండ్రం అయిపోతుంది. పన్నెండు పలకల సాకెట్ కూడా తుప్పు పట్టి అరిగిన తల మీద జారిపోతుంది. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు కొంచెం, నిజంగా కొంచెమే, తిప్పి చూడండి. ఒక్కోసారి "కిట్టు" మని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే తుప్పు పట్టు వదిలింది. తర్వాత విప్పే వైపు పావు చుట్టు, మళ్ళీ బిగించే వైపు అంతలో సగం, ఆయిలు, మళ్ళీ విప్పే వైపు. అలా ముందుకీ వెనక్కీ.

ఇక్కడ చేతికి తెలియాల్సిన సంగతి ఒకటుంది. నోటితో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. బోల్టు వదులుతుంటే చేతికి గరగరలాడుతూ, ఆగుతూ ఆగుతూ వస్తుంది. బోల్టు తెగబోతుంటే గరగర ఉండదు. మెత్తగా, బెల్లం పాకం సాగినట్టు సాగుతుంది. తల తిరుగుతోంది, ఆ చివర మాత్రం కదలట్లేదు. "ఆహా వస్తోంది" అని సంతోషపడేది అప్పుడే. అది రావడం కాదు, మెలి తిరగడం. అలా మెత్తగా అనిపించిన క్షణం ఆపేయండి. పానాకి పైపు తొడిగి లాగకండి. వేడి చేయడం గురించి అప్పుడు ఆలోచించండి.

వేడి అంటే నట్టుకి వేడి, బోల్టుకి కాదు. నట్టు వేడెక్కి పెద్దదవుతుంది, పట్టు వదులుతుంది. కానీ షాక్ అబ్జార్బర్ దగ్గర గ్యాసు మంట పెట్టడం నాకు ఇష్టం లేదు. లోపల ఆయిలు ఉంటుంది, కొన్నింటిలో ఒత్తిడితో నింపిన గ్యాసు కూడా ఉంటుంది. గొట్టం వేడెక్కితే పేలుతుంది. బుష్షు రబ్బరు అంటుకుంటే ఆ పొగ పీల్చకూడదు. పక్కనే ఆయిలు పైపులు, బ్రేకు పైపులు. మంట తప్పదంటే ముందు ఆ షాక్‌ని అక్కడినుంచి తప్పించండి. ఎలా తప్పించాలో ఇప్పుడు చూద్దాం.

కుడి వైపు నట్టు ఓపికగా తిప్పితే వచ్చేసింది. వచ్చాక బోల్టు బయటికి రావాలి కదా? రాలేదు. సుత్తితో కొడితే కదలట్లేదు, పానాతో తిప్పితే ఊరికే తిరుగుతోంది. ఎందుకంటే షాక్ అబ్జార్బర్ కన్నులో రబ్బరు బుష్షు ఉంటుంది, దాని మధ్యలో సన్నటి ఇనుప గొట్టం ఉంటుంది. బోల్టు ఆ గొట్టంలోంచి పోతుంది. తుప్పు వల్ల బోల్టు, గొట్టం రెండూ ఒకటైపోయాయి. మీరు బోల్టు తిప్పితే గొట్టం కూడా రబ్బరులో తిరుగుతుంది. గంటసేపు తిప్పినా అంతే. చాలామంది ఇక్కడే ఓపిక పోగొట్టుకొని పెద్ద సుత్తితో బాదుతారు, బ్రాకెట్ వంకరపోతుంది.

బాదక్కర్లేదు. పాత షాక్ ఎలాగూ పారేసేదే కదా, దాని మీద జాలి ఎందుకు? కన్నుకీ బ్రాకెట్‌కీ మధ్య సందులో బోల్టుని కోసేయండి. చోటు ఉంటే సన్న చక్రం గ్రైండరుతో రెండు నిమిషాలు. చోటు లేకపోతే హ్యాక్సా బ్లేడుని ఒక చివర గుడ్డ చుట్టి చేత్తో పట్టుకొని కోయండి, అరగంట పడుతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది, అంతే. గ్రైండరు వాడితే రవ్వలు ఎటు పోతున్నాయో చూసుకోండి. పెట్రోలు బండి అయితే, గ్యాసు కిట్టు ఉన్న బండి అయితే నేను హ్యాక్సానే వాడతాను. కళ్ళద్దాలు లేకుండా కింద పడుకొని పైకి చూస్తూ ఈ పని చేయొద్దు, తుప్పు పొడి అంతా కళ్ళలోనే పడుతుంది.

ఇక ఎడమ వైపు. బోల్టు బ్రాకెట్ ముఖం దగ్గర సమంగా తెగింది. ముక్క లోపల, నేను వెల్డింగు పెట్టిన ఆ నట్టులోనే ఉండిపోయింది. పట్టుకోవడానికి బయట ఏమీ లేదు. దీనికి దారులు మూడు నాలుగు ఉన్నాయి. అందరూ మొదట అడిగేది ఎక్స్‌ట్రాక్టర్, ఎడమ మర ఉన్న ఆ గట్టి పిన్ను. నేను దాని జోలికి పోను. తల ఉన్న బోల్టునే తుప్పు వదలలేదు, దాని మధ్యలో చిన్న చిల్లు వేసి పెట్టిన సన్నటి పిన్ను తీస్తుందా? పిన్ను లోపల విరిగితే అది మామూలు డ్రిల్లు బిట్టుకి లొంగదు. అప్పుడు మీ బాధ రెండింతలు.

నేను ఎక్కువగా చేసేది వెల్డింగు. విరిగిన ముక్క మీద ఒక వాసరు ఉంచాలి, వెల్డింగు బ్రాకెట్‌కి అంటకుండా ఉండడానికి. వాసరు చిల్లులోంచి ముక్క మీద వెల్డింగు దిబ్బలాగా పోసి, దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి నింపాలి. ఇప్పుడు మీకు పానా పెట్టడానికి కొత్త తల వచ్చింది. దానికంటే ముఖ్యం, వెల్డింగు వేడి ముక్క లోపలి దాకా పోయింది. ఎర్రదనం పోయి కొంచెం చల్లారాక కొవ్వొత్తి ఆనించండి, మైనం కరిగి మరల్లోకి లాక్కుంటుంది. అప్పుడు ముందుకీ వెనక్కీ తిప్పండి. నాకు మొదటిసారి నట్టు ఊడి చేతికొచ్చింది. రెండోసారి గరగరమంటూ ముక్క కదిలింది. రెండు మూడుసార్లు ఊడినా నిరుత్సాహపడకండి, ప్రతి వేడీ లోపల పని చేస్తూనే ఉంటుంది.

వెల్డింగుకి ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి, వెల్డింగు మిషను ఎర్తు క్లిప్పుని పని చేసే చోటికి దగ్గరగా పెట్టాలి, పైపుల మీద తడి గోనె కప్పాలి, పక్కన నీళ్ళ బకెట్టు ఉండాలి. వెల్డింగు రానివాళ్ళు మేస్త్రీని పిలవండి. గాజువాక, విజయవాడ ఆటోనగర్లలో రోజూ ఇదే పని చేసేవాళ్ళున్నారు.

వెల్డింగు కుదరకపోతే డ్రిల్లు. సెంటర్ పంచితో సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, సన్న బిట్టుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయి, పాత మర మిగిలేలా ట్యాపు వేయాలి. మామూలు మర అయితే ఎం8కి 6.8 మిల్లీమీటర్లు, ఎం10కి 8.5, ఎం12కి 10.2 బిట్టు. కానీ చాలా బండ్లలో సన్న మర ఉంటుంది. పిచ్ గేజుతో చూసుకోండి, లేదా బోల్టు పట్టుకెళ్ళి షాపులో నట్టు ఎక్కించి చూడండి.

మిషిగన్‌లో ఉండే మన ప్రేక్షకుడు ఒకాయన ఫోన్ చేశారు. ఆయన దగ్గర పాత జీప్ చెరోకీ ఉంది, 2001 దాకా తయారైన ఆ పెట్టె ఆకారం బండి. అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మన దగ్గర చేపల నీళ్ళు ఎంతో అక్కడ ఆ ఉప్పు అంత. ఆ బండికి వెనక షాక్‌ల పై చివర ఒక్కోదానికి రెండు చిన్న బోల్టులు, ఎం8వి, పైకి పోయి బండి అడుగు భాగం లోపల వెల్డ్ చేసిన నట్టుల్లో బిగుస్తాయి. పానా పెట్టగానే పుటుక్కున తెగడంలో ఆ బోల్టులకి పెద్ద పేరు. ఆయనకి నాలుగింట్లో మూడు తెగాయి. నేను చెప్పింది ఇది: అక్కడ డ్రిల్లుతో కుస్తీ పట్టడం కంటే, మిగిలిన ముక్కని కిందనుంచి పంచితో గట్టిగా కొట్టి వెల్డింగు నట్టునే ఊడగొట్టి, లోపల కొత్త నట్టు గానీ పైనుంచి బోల్టు గానీ పెట్టుకునే దారి చూసుకోండి, పక్కనున్న సందులోంచి తీగతో లోపలికి పంపొచ్చు అని. ఇంకో సంగతి, ఆ పై బోల్టుల బిగింపు 23 న్యూటన్ మీటర్లే. చాలా తక్కువ. పెద్ద పానా పట్టుకొని "ఇంకొంచెం" అనుకునేవాడి చేతిలో కొత్త బోల్టు కూడా తెగుతుంది.

మళ్ళీ మన బండి దగ్గరికి. ముక్క వచ్చింది, ఇక కొత్త బోల్టు వేసి పంపేయొచ్చు అనుకున్నాం. అది జూన్ 14 సాయంత్రం. ఆ అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది. రెండు నెలల తర్వాత బోట్లు వేటకి పోతున్నాయి, మొదటి చేప ఒడ్డుకి వచ్చే రోజు బండివాళ్ళకి పండగ. మా వాడు షెడ్డు బయట అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఏటి బావా, ఇంకా అవ్వలేదా?" అని.

నేను బ్రాకెట్‌ని సుత్తితో ఒకసారి తట్టాను. కుడి వైపు కొడితే ఖంగుమంది. ఎడమ వైపు కొడితే మట్టికుండ పగిలినట్టు బొద్దుగా చప్పుడొచ్చింది. స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా నొక్కితే, నా పాత వెల్డింగు చుక్కల పక్కన లోపలికి దిగిపోయింది. రేకు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. వెర్నియరు పెట్టి చూస్తే కుడి వైపు 4 మిల్లీమీటర్లు, ఎడమ వైపు మంచి చోట కూడా 2 దాటలేదు. దానికి ఎంత గట్టి బోల్టు వేసినా, ఈసారి బోల్టు తెగదు, బ్రాకెట్ చిరుగుతుంది.

చెప్పాను వాడికి. ఇంకో రోజున్నర పడుతుంది, బండి ఇవ్వను అని. "ఈ ఒక్క ట్రిప్పు తోలుకొని వచ్చేస్తాను బావా, మూడేళ్ళు అలాగే తోలాను కదా" అన్నాడు. మూడేళ్ళ కిందట కూడా ఒక్క ట్రిప్పే అన్నాడు, నేను సరే అన్నాను. ఈసారి తాళం జేబులో పెట్టుకొని ఇంటికి వెళ్ళిపోయాను. వాడు కోపంగా వెళ్ళి వేరే బండి అద్దెకి మాట్లాడుకున్నాడు. అద్దె పోగా మొదటి రోజు ఏమీ మిగల్లేదట. వాళ్ళక్క అంటే మా ఆవిడ, ఇంట్లో రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మర్నాడు వెల్డింగు మేస్త్రీ వచ్చాడు. పాత బ్రాకెట్‌లో పాడైన భాగం కోసేసి, ఇనుము తెల్లగా మెరిసేదాకా గ్రైండు చేసి, 5 మిల్లీమీటర్ల ప్లేటు కొలతకి కోసి అతికించాం. ఛాసిస్ పై, కింది అంచుల మీద వెల్డింగు పెట్టలేదు, కొత్త చిల్లులు వేయలేదు. బరువంతా మోసేది ఆ అంచులే, అక్కడ వేడి చేస్తే, చిల్లు వేస్తే బీటలు మొదలవుతాయి. నేను అప్పట్లో అతికించిన నట్టు తీసిపారేసి, నట్టు విడిగా పట్టేలా చోటు చేశాం. ఆరాక ప్రైమరు, దాని మీద రెండు పూతలు పెయింటు.

ఇప్పుడు కొత్త బోల్టు. షాపులో "హెచ్‌టీ బోల్టు" అని అడగండి. అడగడమే కాదు, తల మీద 8.8 గానీ 10.9 గానీ ఉందో లేదో చూడండి. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకి సుమారు 80 కిలోల దాకా లాగినా తెగదు, 64 కిలోల దాకా సాగదు. గేటు బోల్టు మామూలుగా 4.6 రకం: 40 కిలోలకి తెగుతుంది, 24 కిలోలకే సాగడం మొదలుపెడుతుంది. నేను ఆ రాత్రి డబ్బాలోంచి తీసి పెట్టినది ఇదే రకం. కొంతమంది తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టు అడుగుతారు. షాపుల్లో దొరికే మామూలు స్టెయిన్‌లెస్ 8.8 కంటే ముందే సాగుతుంది, పైగా మరలు ఒకదాన్నొకటి కరుచుకొని పట్టేస్తాయి. ఈ చోటికి వద్దు.

రెండోది, బోల్టు మీద మర లేని నున్నటి భాగం ఎంతుందో చూడండి. బుష్షు గొట్టంలోనూ, బ్రాకెట్ ముఖం దగ్గరా నున్నటి భాగమే ఉండాలి. మర గాడి దగ్గర బోల్టు సన్నగా ఉంటుంది, ప్రతి గాడీ బీట మొదలవడానికి ఒక చోటు. మా వాడి బోల్టు సరిగ్గా బ్రాకెట్ ముఖం దగ్గర గాడిలోనే తెగింది. అందుకని పొడుగు బోల్టు కొని, మర ఎక్కువైతే చివర కోసుకోండి. నట్టు నైలాక్ వేయండి, కొత్తది. ఒకసారి విప్పిన నైలాక్ మళ్ళీ వాడకండి.

బోల్టు నున్నటి భాగానికి, గొట్టం లోపలికి గ్రీసు గానీ యాంటీసీజ్ గానీ పూయండి. ఇంకోసారి ఊడదీసేది మీరో, మీ తర్వాత వచ్చే మెకానికో, దీవిస్తాడు. మర మీద గ్రీసు ఉంటే మాన్యువల్‌లో రాసిన అంకె దాకా బిగించకండి, జారుడు వల్ల బోల్టు ఎక్కువ లాగబడుతుంది, కొంచెం తగ్గించండి. మీ బండి అంకె మీ బండి మాన్యువల్‌లోదే చూడండి, నన్ను అడగొద్దు, ఒక్కో బండికి ఒక్కో రకం.

చివరి బిగింపు గాలిలో చేయకండి. చాలా షెడ్లలో చేసే తప్పు ఇది. బండి ఎత్తి ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. అప్పుడే పూర్తిగా బిగిస్తే బుష్షు గొట్టం ఆ కోణంలో పట్టుకుపోతుంది, బండి దింపగానే రబ్బరు మెలి తిరుగుతుంది, ఎప్పుడూ ఆ మెలిలోనే పని చేసి కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. చేత్తో బిగించి, బండి దింపి, నాలుగైదుసార్లు వెనక ఊపి, చక్రాల మీద బరువు ఉండగా పూర్తిగా బిగించండి. షాక్‌లు జతగా మార్చండి, ఒకటి కొత్తది ఒకటి పాతది వద్దు.

అంతా అయ్యాక ఒకటి అడిగాను నన్ను నేనే. నాలుగు బ్రాకెట్లకీ ఒకటే వయసు, ఒకటే రోడ్డు, మరి ఎడమ పై బ్రాకెట్ మాత్రమే ఎందుకు ఇంత తిన్నది? బకెట్టుతో తొట్టిలో నీళ్ళు పోసి కింద కూర్చొని చూశాను. ఐసు నీళ్ళు పోవడానికి మా వాడు తొట్టి అడుగున వేసుకున్న చిల్లు సరిగ్గా ఆ బ్రాకెట్ పైనే ఉంది. ప్రతి ట్రిప్పులో చుక్క చుక్కా దాని మీదే. ఇన్నేళ్ళలో నేనూ చూడలేదు, వాడూ చూడలేదు. ఆ చిల్లుకి ఒక రబ్బరు పైపు బిగించి, ఛాసిస్ దాటి చక్రం వెనకాలకి దింపాను. మీ బండిలో కూడా తుప్పు ఒక చోటే ఎక్కువుంటే, దాని పైన ఏముందో చూడండి. ట్రిప్పు అయ్యాక మంచినీళ్ళతో కింద కడగమని కూడా చెప్పాను, కడుగుతున్నాడో లేదో తెలీదు.

బోల్టులు, నట్టులు నాలుగూ కలిపి 200 రూపాయల లోపే అయ్యాయి. షాక్‌లు, వెల్డింగు మేస్త్రీ కూలి వేరే. వాడు పోగొట్టుకున్న రోజున్నర ఇంకా వేరే, అది నేను లెక్క కట్టలేదు. నా కూలి మాత్రం తీసుకోలేదు, అడిగే మొహం లేదు.

వచ్చే ఆదివారం బండి మళ్ళీ షెడ్డుకి వస్తుంది, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి పానా పెట్టి చూస్తానని చెప్పాను. పాత బోల్టుల డబ్బా ఇప్పటికే పాత ఇనుము వాడికి ఇచ్చేశాను. పోయినసారి అడిగిన కమాను బుష్షుల సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.